బడిలో వినేవారెవరు?

2023 జులైలో విశాఖపట్నంలోని ఒక వసతిగృహంలో నీట్‌కు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. పోలీసు దర్యాప్తుపై నమ్మకం కుదరని తండ్రి కేసును సీబీఐకి అప్పగించాలని హైకోర్టును ఆశ్రయించాడు. అక్కడ నిరాశే ఎదురై సుప్రీంకోర్టు గడప తొక్కాడు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్‌నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి బదిలీ చేసింది. అంతటితో ఆగలేదు. రాజ్యాంగంలోని 21వ అధికరణం కల్పించిన జీవించే హక్కులో మానసిక ఆరోగ్యం విడదీయరాని భాగమని ప్రకటించి, చట్టసభలు తగిన చట్టం చేసేవరకు దేశంలోని ప్రతి విద్యాసంస్థా పాటించి తీరవలసిన 15 మార్గదర్శకాలను జారీ చేసింది.

ఆ పదిహేనింటిలో జనం నోట ఎక్కువగా నానింది వసతిగృహాల ఫ్యాన్ల సంగతి. అది అర్థం చేసుకోదగిందే. ఫ్యాను కొనవచ్చు, బిగించవచ్చు, బిల్లు చూపవచ్చు. కోటాలో 2023లో వరుస మరణాల తరువాత జిల్లా యంత్రాంగం మొదట పట్టుకున్నదీ స్ప్రింగు ఫ్యాన్లనే. తీర్పులో అంతకన్నా బరువైన వాక్యం మరొకటుంది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా బాలల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించుకోవాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో అధికారికంగా అనుసంధానం ఏర్పరచుకోవాలి. ఈ వాక్యాన్ని అక్షరాలా అమలు చేయాలంటే ఎందరు మనుషులు కావాలో, వారికి జీతం ఎవరివ్వాలో తీర్పు చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా, అది ప్రభుత్వాల పని. ఆ పని దగ్గరికి వచ్చేసరికే అందరికీ మాట పెగలడం లేదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది, 2023లో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2022 నాటి మరణాలలో 2,248 పరీక్షల్లో తప్పిన కారణంగా జరిగినవని అదే నివేదిక చెప్పింది. తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు గందరగోళంగా వెలువడినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడు త్రిసభ్య సంఘం వచ్చింది, నివేదిక వచ్చింది, జవాబు పత్రాల పునఃపరిశీలన జరిగింది. ఫలితాలు వచ్చిన రాత్రి ఆ పిల్లలు ఎవరితో మాట్లాడగలిగేవారన్న ప్రశ్న మాత్రం సాంకేతిక లోపాల చర్చలో కొట్టుకుపోయింది.

మరణాలు పైకి కనిపించే అంచు మాత్రమే. 10 నుంచి 19 ఏళ్లవారిలో ప్రతి ఏడుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13-17 ఏళ్ల పిల్లల్లో సుమారు 7 శాతం మందికి చికిత్స అవసరమైన సమస్యలున్నాయని తేల్చింది. జీవితాంతం వేధించే మానసిక వ్యాధులలో సగం 14 ఏళ్ల లోపే మొదలవుతాయన్నది వైద్యరంగం ఏనాడో అంగీకరించిన మాట. ఉన్నత విద్యాసంస్థల్లో బలవన్మరణాలను పరిశీలించేందుకు సుప్రీంకోర్టు 2025 మార్చిలో జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని నియమించడం మంచిదే. అయితే ఐఐటీ వసతిగృహంలో కనిపించే కుంగుబాటు చాలా సందర్భాల్లో ఎనిమిదో తరగతి గదిలోనే మొలకెత్తి ఉంటుంది. మొక్కను చూడనివారు మాను దగ్గర గొడ్డలి పట్టుకుని నిలబడితే ఏం లాభం?

పథకాలకు కొదవుందని ఎవరూ అనలేరు. బడి పిల్లలకు వైద్య పరీక్షలు ఈ గడ్డపై 1909లోనే బరోడాలో మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1960లో రేణుకా రే అధ్యక్షతన పాఠశాల ఆరోగ్య సంఘం ఏర్పడింది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2014లో రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో ఆయుష్మాన్ భారత్ కింద పాఠశాల ఆరోగ్య కార్యక్రమం, అదే ఏడాది జులైలో మనోదర్పణ్, 2022 అక్టోబరు 10న టెలీమానస్ ప్రారంభమయ్యాయి. 2023లో విద్యాశాఖ ‘ఉమ్మీద్’ పేరిట ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసింది. అక్షరాలను పొదిగి అందమైన పేర్లు తయారు చేయడంలో ఢిల్లీ మంత్రిత్వశాఖలకున్న నేర్పు లోకప్రసిద్ధం. ఆ నేర్పులో పదో వంతు నియామకాల్లో చూపి ఉంటే ఈ చర్చకు ఇంత అవసరం ఉండేది కాదు.

వీటిలో ఏది బడిలోకి ఎంతవరకు వస్తుందో చూడాలి. బాల స్వాస్థ్య సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు ఉంటారు. ఏడాదికి ఒకసారి బడికి వస్తారు. పళ్లు, కళ్లు, చెవులు, రక్తహీనత చూస్తారు. చిన్నారుల ఎదుగుదల లోపాలను పసిగట్టడంలో ఆ బృందాలు చేసిన మేలు తక్కువేమీ కాదు. అయితే తరగతి మొత్తం వరుసలో నిలబడి ఉండగా, వెనక ఉన్న స్నేహితురాలు వీపు మీద పొడుస్తుండగా, తనకు నాలుగు నెలలుగా నిద్ర పట్టడం లేదని ఏ పిల్ల చెబుతుంది? కిశోర స్వాస్థ్య క్లినిక్‌లు ఆరోగ్య కేంద్రాల్లోనూ ఆసుపత్రుల్లోనూ ఉంటాయి. బడి తెరిచే వేళకే అవీ తెరుచుకుంటాయి. బోర్డు మీద ‘స్నేహపూర్వక’ అని రాసి ఉంటుంది గానీ, పదిహేనేళ్ల ఆడపిల్ల ఒంటరిగా ఆసుపత్రి మెట్లెక్కితే సాయంత్రానికి ఊరంతా ఏమనుకుంటుందో ఆ బోర్డు రాసినవారికి తెలియదనుకోవాలా?

ఇక 2020 నాటి కార్యక్రమం. బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా ఎంపిక చేసి శిక్షణ ఇస్తారు. వారు వారానికి ఒక గంట 11 అంశాలపై పాఠాలు చెబుతారు. భావోద్వేగ, మానసిక ఆరోగ్యం ఆ పదకొండులో ఒకటి. కాగితం మీద చక్కగానే ఉంది. ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. దాన్ని కాస్త వివరంగా చెప్పుకోవాలి.

బిహార్‌లోని నలందా జిల్లాలో ‘సెహర్’ పేరిట 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒక అధ్యయనం జరిగింది. సంగాత్ సంస్థ పరిశోధకులు, విక్రమ్ పటేల్ తదితరులు, చేసిన పని అది. తొమ్మిదో తరగతి చదివే పదమూడు వేల మందికి పైగా పిల్లలు అందులో ఉన్నారు. కొన్ని బడుల్లో ఒకే కార్యక్రమాన్ని ఉపాధ్యాయుల చేత చేయించారు. మరికొన్ని బడుల్లో ఆ వృత్తిలో పట్టా లేకపోయినా శిక్షణ పొందిన వ్యక్తిని, ‘సెహర్ మిత్ర’ను, పూర్తిగా ఆ పని కోసమే నియమించారు. మిగిలిన బడుల్లో రాష్ట్ర ప్రభుత్వం నడిపే మామూలు కౌమార విద్యా కార్యక్రమమే కొనసాగింది. మిత్ర చేసిన పనుల్లో ఇంద్రజాలమేమీ లేదు. ప్రార్థన సమావేశంలో మాట్లాడటం, గోడపత్రిక నడపడం, పేరు చెప్పకుండా పిల్లలు తమ గోడు రాసి వేసే పెట్టె తెరిచి చదవడం, పిల్లల బృందాలను కూర్చడం, కావలసినవారిని విడిగా కూర్చోబెట్టి వినడం, ఇవే. 2018లో ‘లాన్సెట్’ ప్రచురించిన ఫలితాలు స్పష్టంగా ఉన్నాయి. మిత్ర ఉన్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, కుంగుబాటు తగ్గింది, ఒకరినొకరు ఏడిపించుకోవడం తగ్గింది, హింస తగ్గింది. రెండో ఏడాదీ కొనసాగిస్తే ఫలితం ఇంకా పెరిగింది. ఉపాధ్యాయుల చేత చేయించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు.

ఇది ఉపాధ్యాయులను నిందించే మాట కాదు. మార్కులు వేసేది, హాజరు రాసేది, తండ్రిని పిలిపించేది తానే అయినప్పుడు పిల్లవాడి గుప్పెట విప్పించడం ఎంత మంచి మాష్టారికైనా కష్టం. పైగా మధ్యాహ్న భోజనం లెక్కలు, ఓటర్ల జాబితాలు, యాప్‌లలో ఫొటోలు ఎక్కించడం అన్నీ ఆయన నెత్తినే ఉన్నాయి. ఒక్క ఉపాధ్యాయుడితోనే నడుస్తున్న బడులు ఈ దేశంలో ఇప్పటికీ లక్షకు పైగా ఉన్నాయి. బ్రిటన్‌లోనూ ఉపాధ్యాయుల ద్వారా తరగతి మొత్తానికీ ధ్యాన పాఠాలు చెప్పించి చూసిన పెద్ద అధ్యయనం 2022లో నిరాశాజనక ఫలితాలనే ప్రకటించింది.

సరే, నలందా ఫలితాలు 2018లో వచ్చాయి. 2020లో కేంద్రం దేశమంతటికీ ఎంచుకున్నది ఏ పద్ధతి? ఉపాధ్యాయుల పద్ధతి. సాక్ష్యం ఒక దారి చూపితే ఖజానా మరో దారి చూపింది. ఉపాధ్యాయుడికి కొత్తగా జీతం ఇవ్వక్కరలేదు కదా!

బడికి ఒక మనిషి కావాలన్నంత వరకు సుప్రీంకోర్టు తీర్పూ, నలందా అనుభవమూ ఒకే మాట చెబుతున్నాయి. ఆ మనిషి ఎక్కడ కూర్చోవాలన్నది తరువాతి ప్రశ్న. ‘కౌన్సెలింగ్ గది’ అని బోర్డు పెట్టిన గదిలోకి ఏ పిల్లవాడు వెళ్లినా మరుసటి పూటకు వాడికో పేరు పెట్టేస్తారు. మన పిల్లలు బాధను మనసు భాషలో కన్నా ఒంటి భాషలోనే ఎక్కువ చెబుతారు. తలనొప్పి, కడుపులో నొప్పి, గుండె దడ, ఒళ్లంతా నీరసం అంటారు. పరీక్షల ముందు వారం ఏ బడిలోనైనా మందు బిళ్ల కోసం వచ్చేవారి సంఖ్య ఎందుకు పెరుగుతుందో ఆ బిళ్లలిచ్చే అటెండరుకు కూడా తెలుసు. అందుకే మానసిక ఆరోగ్యం విడిగా కాక మామూలు ఆరోగ్య గదిలో భాగంగా ఉండాలి. దెబ్బ తగిలినవాడూ, నెలసరి నొప్పితో వచ్చినదీ, కళ్లద్దాలు కావలసినవాడూ, నిద్రపట్టనిదీ ఒకే తలుపు గుండా లోపలికి వెళ్లాలి. ఎవరు దేనికి వెళ్లారో బయట కూర్చున్నవారికి తెలియనక్కరలేదు.

ఇది ఊహ కాదు. 2022 మార్చిలో ఢిల్లీ ప్రభుత్వం 20 ప్రభుత్వ పాఠశాలల ఆవరణల్లో ఇలాంటి క్లినిక్‌లనే తెరిచి, వాటిలో సైకాలజిస్టుకూ చోటిచ్చింది. ఆలోచన సరైనది. పేరే పొరపాటు. వాటికి ‘ఆమ్ ఆద్మీ పాఠశాల క్లినిక్’ అని పేరు పెట్టారు. పథకం మెడలో పార్టీ పేరు వేలాడదీస్తే గద్దె మారిన నాడు దాన్ని తనదిగా చూసుకునేవారు ఎవరు? ఈ చాపల్యం ఒక్క పార్టీ సొంతం కాదు. ఆరోగ్య ఉపకేంద్రాలకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలని పేరు మార్చమన్నవారూ, వాటి గోడల రంగుల కోసం రాష్ట్రాలతో నిధుల పేచీ పెట్టుకున్నవారూ ఇదే బడిలో చదువుకున్నవారు. కేరళ మరో దారిలో వెళ్లింది. అక్కడ స్త్రీ శిశు సంక్షేమ శాఖ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి మనోసామాజిక కౌన్సెలర్లను నడుపుతోంది. ప్రభుత్వాలు మారినా ఆ వ్యవస్థ నిలిచింది. అయితే ఆ కౌన్సెలర్లదీ పర్మనెంట్ ఉద్యోగం కాదు. పిల్లలకు భరోసా చెప్పవలసిన మనిషికే వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదోనన్న దిగులు ఉండటం ఈ దేశ సంక్షేమ వ్యవస్థకు ఇప్పుడు మామూలే.

ఇంతమందిని ఎక్కడి నుంచి తెస్తారని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. దేశంలో లక్ష జనాభాకు ముక్కాలు వంతు సైకియాట్రిస్టు ఉన్నాడు. కనీసం ముగ్గురు కావాలి. కానీ బడిలో కావలసింది సైకియాట్రిస్టు కాదని నలందా చెప్పింది. శిక్షణ పొంది, పైనుంచి క్రమం తప్పని పర్యవేక్షణ ఉండి, తన చేతిలో లేని కేసును జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పంపగల వ్యక్తి చాలు. దేశంలో బడి పిల్లలు సుమారు 24 కోట్ల 69 లక్షల మంది. వెయ్యి మందికి ఒకరు చొప్పున వేసినా రెండున్నర లక్షల లోపే. సుమారు పది లక్షల మంది ఆశా కార్యకర్తలనూ, అంతకు మించిన సంఖ్యలో అంగన్‌వాడీ సిబ్బందినీ నడుపుతున్న దేశానికి ఇది కొండంత లెక్కేమీ కాదు. వారికిచ్చినట్టు గౌరవ వేతనంతో సరిపెట్టాలని చూస్తే మాత్రం మళ్లీ మొదటికే వస్తుంది. చిన్న బడుల సమస్యకూ జవాబు ప్రభుత్వ పత్రాల్లోనే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం పాఠశాల సముదాయాలను ప్రతిపాదించి, కౌన్సెలర్లనూ సామాజిక కార్యకర్తలనూ సముదాయమంతా పంచుకోవచ్చంది. త్రిభాషా సూత్రం మీద జరిగిన యుద్ధంలో ఆ పేరా ఎవరి కంటా పడలేదు.

డబ్బు మాటకొస్తే, టెలీమానస్ పద్దు చూస్తే చాలు. 2023-24 బడ్జెట్‌లో దానికి సుమారు 134 కోట్లు కేటాయించారు. 2024-25లో అది 90 కోట్లకు, 2025-26లో సుమారు 80 కోట్లకు దిగింది. 14416 నంబరును ప్రతి వసతిగృహం గోడ మీద రాయాలని న్యాయస్థానం ఆదేశించిన సంవత్సరం కూడా అదే. గోడల మీద నంబరు పెరుగుతుంటే ఫోనెత్తేవారికిచ్చే సొమ్ము తరుగుతోంది. ఆ నంబరు పనికిరానిదని కాదు. అర్ధరాత్రి చేయగలిగిన ఫోను అదొక్కటే అయిన పిల్లలు చాలామంది ఉన్నారు. అయితే బడిలో పిల్లవాడికి ఫోనుండదు, గురుకులంలో అసలే ఉండదు. ఉన్న ఇళ్లలో అది నాన్న జేబులో ఉంటుంది.

అంతకన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. పొద్దున్నే మొదలై రాత్రి దాకా సాగే చదువులు, మార్కులను బట్టి విడదీసిన సెక్షన్లు, వారం వారం ర్యాంకుల జాబితాలు, ఇవన్నీ యథాతథంగా ఉంచి మూల గదిలో ఒక కౌన్సెలర్‌ను కూర్చోబెడితే ఆమె చేసేదేమిటి? అలసిన ఎద్దుకు మాలీషు చేసి మళ్లీ గానుగకు కట్టడమే కదా! మార్కుల ఆధారంగా పిల్లలను విడదీయరాదని, నలుగురిలో అవమానించరాదని అదే తీర్పు చెప్పింది. ఆ ఆదేశాన్ని వదిలేసి కౌన్సెలర్ నియామకాన్ని మాత్రం బ్రోచర్‌లో అచ్చువేసుకునే కళాశాలలకు తెలుగు రాష్ట్రాల్లో కరువుండదు. యాజమాన్యం జీతమిచ్చే కౌన్సెలర్ విధేయత యాజమాన్యానికే ఉంటుంది. కార్పొరేట్ విద్యాసంస్థల అధిపతులు చట్టసభల్లోనూ మంత్రివర్గాల్లోనూ కూర్చోగలిగినచోట తనిఖీ అధికారి గొంతు ఎంత లేస్తుందో పాఠకులకు చెప్పనక్కరలేదు. ప్రైవేటు సంస్థల నుంచి రుసుము వసూలు చేసి, నియామకం మాత్రం జిల్లా ఆరోగ్య యంత్రాంగం చేతిలో ఉంచడం ఒక్కటే దీనికి విరుగుడు. దానికి యాజమాన్యాలు ససేమిరా అంటాయి. ఆ ససేమిరాను ఎదుర్కోవడానికే ప్రభుత్వాలు ఉన్నది.

పైగా అందరి దుఃఖమూ జబ్బు కాదు. కులం పేరుతో వెనక బెంచీకి నెట్టిన పిల్లవాడికి, పెళ్లి నిశ్చయమైన పదో తరగతి పిల్లకు, తండ్రి తాగి కొట్టే ఇంటినుంచి వచ్చినవాడికి దీర్ఘశ్వాస పాఠాలు నేర్పి పంపడం క్రూరమైన పరిహాసం. కౌన్సెలర్‌కు ప్రధానోపాధ్యాయుడిని నిలదీయగల హోదా, 1098కి ఫోను చేయగల ధైర్యం, బాలల సంక్షేమ సమితి ముందుకు వెళ్లే దారి ఉండాలి. ఇక్కడ చట్టంలోనూ ఒక ముడి ఉంది. పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. 18 ఏళ్ల లోపువారి ఇష్టపూర్వక సంబంధాలు కూడా ఆ చట్టం దృష్టిలో నేరాలే. అంటే తనతోటి విద్యార్థిని ప్రేమించానని చెప్పుకున్న పిల్ల మాట కూడా పోలీసు స్టేషనుకు చేరవలసిన స్థితి రావచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందడాన్ని హక్కు చేసింది గానీ, మైనర్ల విషయంలో నిర్ణయాధికారం ప్రధానంగా సంరక్షకులకే ఇచ్చింది. ఇంట్లోనే బాధ ఉన్న పిల్లల సంగతేమిటి? ఏ మాట గదిలో ఉండాలి, ఏది బయటికి వెళ్లాలి అన్నది స్పష్టంగా రాసి, మొదటి రోజే పిల్లలకు చదివి వినిపించగల నియమావళి లేకపోతే రెండో రోజు నుంచి ఆ గదికి ఎవరూ రారు.

న్యాయస్థానం ఆదేశాలు కాగితాల్లోనే మిగిలిపోతాయన్న నిరాశ ఎల్లప్పుడూ నిజం కాలేదు. 2001 నవంబరు 28న బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించినప్పుడు చాలా రాష్ట్రాలు డబ్బులేదన్నాయి, వంటగదుల్లేవన్నాయి. నేడు ఆ భోజనం లేని ప్రభుత్వ బడిని ఊహించలేం. దాని వెనుక రెండు కారణాలున్నాయి. ఆ ఆదేశాన్ని వెంటాడేందుకు న్యాయస్థానం 2002లో కమిషనర్లను నియమించింది. ఎన్.సి.సక్సేనా, హర్ష్ మందర్ వంటివారు రాష్ట్రాల వారీగా లెక్కలు అడిగి, లోపాలు రాసి పంపేవారు. రెండోది, అన్నం వడ్డించిన ఫొటోకు ఓట్లు రాలతాయి. పిల్లవాడి మాట ఓపికగా విన్న గంటకు ఫొటో ఉండదు. కాబట్టి ఈసారి మొదటి కారణం మరింత గట్టిగా ఉండాలి. తీర్పు ఆ బాధ్యతను కలెక్టర్ల అధ్యక్షతన ఏర్పడే జిల్లా పర్యవేక్షణ కమిటీలకు అప్పగించింది. కలెక్టర్ ఇప్పటికే ఎన్ని కమిటీలకు అధ్యక్షుడో ఆయన సీసీకి తప్ప మరొకరికి తెలియదు. నెలకొకసారి కూర్చుని టీ తాగి లేచే కమిటీలలో ఇదీ ఒకటవుతుందా, బాధిత కుటుంబాలూ, పిల్లల హక్కుల సంఘాలూ, జిల్లా సైకియాట్రిస్టూ అందులో మాట్లాడగలుగుతారా అన్నది రాష్ట్రాలు రాసే నియమాల మీద ఆధారపడి ఉంటుంది.

ఆత్మహత్యల నివారణకు 2022 నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ వ్యూహం మరణాలను 2030 నాటికి పది శాతం తగ్గిస్తామంది. విద్యాసంస్థల్లో మానసిక ఆరోగ్య పాఠ్యాంశానికి ఎనిమిదేళ్ల గడువు పెట్టుకుంది. ఆ ప్రకటన వచ్చిన ఏడాది ఆరో తరగతిలో చేరిన పిల్లవాడు గడువు ముగిసేనాటికి బడి దాటి, ఇంటర్ దాటి, కళాశాలలో ఉంటాడు. రాష్ట్రాలు సుప్రీంకోర్టుకు సమర్పించే అఫిడవిట్లలో కమిటీల సంఖ్యా, శిక్షణ శిబిరాల సంఖ్యా, అతికించిన పోస్టర్ల సంఖ్యా దండిగా ఉంటాయి. న్యాయమూర్తులు అడగవలసినవి మరో రెండే అంకెలు: బడుల్లో మంజూరైన కౌన్సెలర్ పోస్టులు ఎన్ని, ఈ ఏప్రిల్‌లో ఫలితాలు వచ్చే నాటికి వాటిలో మనిషి కూర్చున్న కుర్చీలు ఎన్ని.